అంతా నీళ్ల వల్లే అంటారు

జనవరి 21, 2025

సంక్రాంతికి వచ్చినవాళ్లంతా వెళ్లిపోయారు. పండగ మూడు రోజులూ ఏ ఇంట్లో కూర్చున్నా ఒకటే కబురు: ఈ ఏడాది ఎవరెవరు పోయారు, ఏమొచ్చి పోయారు. మా వీధిలో ఒకాయన గొంతు క్యాన్సరొచ్చి పోయాడు. ఒకామె రొమ్ముకొచ్చి పోయింది. కాలవ అవతల ఇంకొకాయనకి "లివరు చెడిపోయింది" అంటారు తప్ప ఆ మూడోదాన్ని క్యాన్సరని ఇంటివాళ్లు అనరు. పెళ్లీడు పిల్ల ఉంది.

కారణం దగ్గరకొచ్చేసరికి మాత్రం ఎవరికీ అనుమానం లేదు. నీళ్లు. చేపల చెరువులు. చేలో కొట్టే మందులు. బ్రాయిలర్ కోడి. సెల్ టవరు. "మన చిన్నప్పుడు ఉందా అక్కా ఈ రోగం?" అని మా పిన్ని కూతురు అడిగింది. ఉంది. మా అమ్మమ్మగారి ఊళ్లో రాచపుండు వచ్చినామెని గొడ్లపాక పక్కన వేరే మంచం వేసి పడుకోబెట్టడం నేను చూశాను. ఆమెకి ఎక్కడ మొదలైందో, ఏ వయసులో వచ్చిందో ఎవరూ రాసి పెట్టలేదు. రాసిపెట్టనిదాన్ని లేదనుకోవడం తేలిక.

ఫిబ్రవరి 9

మా ముదినేపల్లి కాలవకి చివరి భూమి. విజయవాడ దగ్గర వదిలిన కృష్ణ నీరు రైవస్ కాలవలో పడి, కాలవలు మారి, పోల్‌రాజ్ కాలవ దాకా వచ్చేసరికి దారిలో ఉన్న ఊళ్ల మురుగంతా అందులో కలుస్తుంది. బోరు వేస్తే ఉప్పునీరు. అందుకని కాలవ కట్టేసేలోపే ఊరి మంచినీళ్ల చెరువు నింపుకుంటాం. ఆ చెరువు గట్టు దిగితే చేపల చెరువులే. తాగడానికి ఇప్పుడు అందరిళ్లలోనూ టిన్ను నీళ్లే. కూలి పనికి వెళ్లేవాళ్లు కూడా వాటికి డబ్బు తీసి పక్కన పెట్టుకుంటున్నారు. అంత భయం.

నీటివల్ల క్యాన్సరు రావడం కట్టుకథ కాదు. బంగ్లాదేశ్‌లో, పశ్చిమ బెంగాల్‌లో రుజువైంది. చెరువు నీటిలో క్రిములుంటాయని 1970ల నుంచి అక్కడ లక్షల గొట్టపు బావులు వేశారు. క్రిముల బాధ తగ్గింది గాని భూమి పొరల్లోని ఆర్సెనిక్ ఆ నీళ్లతో పైకి వచ్చింది. చర్మానికి, మూత్రాశయానికి, ఊపిరితిత్తులకు క్యాన్సర్లు వచ్చాయి. అక్కడ బావి బావికీ పరీక్ష చేసి, చెడ్డదానికి ఎర్ర రంగు, మంచిదానికి ఆకుపచ్చ రంగు వేశారు. మనకీ కావలసింది ఆ పనే. నీళ్లని తిట్టుకుంటూ కూర్చుంటే నీళ్లు మారవు. ఏ పదార్థం, ఎంత ఉంది, ఏ నెలలో ఉంది అన్నది సీసాలో పట్టి చూడాలి. వేసవి చివర్లో చెరువు అడుగంటినప్పుడు పట్టిన నీళ్లూ, జులైలో కొత్తనీరు వచ్చాక పట్టిన నీళ్లూ ఒకటి కావు.

ఫిబ్రవరి 28

పెదపాలపర్రు వెళ్లి మావయ్యని చూసొచ్చాను. ఎనభై దాటినా మాట గట్టిగా ఉంది. దోమపోటు వచ్చిన రోజుల గురించి చెప్పాడు. "గమాక్సిన్ పొడి పల్చటి గుడ్డలో మూటకట్టి, పొద్దున్నే మంచు తడి ఆరకముందు చేలో దులుపుకుంటా పోయేవాళ్లం. ముక్కుకి తువ్వాలు కట్టుకుంటే కట్టుకున్నట్టు. గట్టెక్కి ఆ చేత్తోనే చద్దన్నం తినేవాళ్లం."

ఆ పొడి బీహెచ్‌సీ. మన దేశంలో 1997లో నిషేధించారు. దానిలో అసలు పురుగును చంపే భాగం లిండేన్. దాని వాడకం 2013లో ఆగింది. లియాన్‌లో ఉన్న అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో లిండేన్‌ని మనుషులకి క్యాన్సరు తెచ్చేదిగా తేల్చింది, ముఖ్యంగా లింఫు గ్రంథుల క్యాన్సరు. అదే సమావేశంలో డీడీటీని క్యాన్సరు తెచ్చే అవకాశం బాగా ఉన్నదిగా పెట్టింది. అంటే నిషేధం వచ్చింది ముందు, ఖాయమైన తీర్పు వచ్చింది తరవాత. మధ్యలో మావయ్య తరం మొత్తం ఆ పొడి పీల్చింది. దీన్ని చిన్న విషయంగా నేను తీసుకోలేను. కంచంలో అన్నం తిన్నవాళ్ల కంటే పంపు భుజాన వేసుకుని మందు కొట్టినవాళ్ల ఒంట్లోకే అది ఎన్నో రెట్లు ఎక్కువ పోయింది. రైతు గురించి, కౌలుదారు గురించి, రోజుకూలీకి మందు కొట్టే కుర్రాడి గురించి ముందు అడగాలి.

మందుల సంగతి వస్తే అందరూ పంజాబ్ పేరు ఎత్తుతారు. బఠిండా నుంచి బీకానేర్ ఆస్పత్రికి రోగులు వెళ్లే రాత్రి రైలుకి "క్యాన్సర్ ట్రైన్" అన్న పేరే పడిపోయింది. ఆ రైలు ఫొటోలు చూసి గుండె చెరువైనవాళ్లలో నేనూ ఉన్నాను. తరవాత అక్కడ ఇంటింటి నమోదు మొదలుపెట్టారు. పత్తి మందులకు పేరుపడ్డ మాన్సా, సంగ్రూర్ జిల్లాల కంటే చండీగఢ్, మొహాలీల్లోనే రేటు ఎక్కువని తేలింది. పట్నంలో మనుషులు ఎక్కువకాలం బతుకుతారు, ఒళ్లు చేస్తారు, పిల్లల్ని ఆలస్యంగా కంటారు, డాక్టరు దగ్గరకి త్వరగా వెళ్తారు. పల్లెలో జబ్బు పేరు తెలియకుండానే పోయేవాళ్లూ ఉంటారు. అంతమాత్రాన మందులు నిర్దోషులు కావు. కాని రైలు పెట్టె నిండినంత మాత్రాన కారణం తెలిసినట్టూ కాదు.

మార్చి 25

రెండు రోజులుగా టీవీల్లో బలభద్రపురం. తూర్పు గోదావరి జిల్లా బిక్కవోలు మండలం. ఆ ఊళ్లో క్యాన్సరు కేసులు లెక్కకు మించి ఉన్నాయని శాసనసభలో మాట వచ్చింది, వైద్య బృందాలు ఇంటింటికీ తిరుగుతున్నాయి. ఒక్కో ఛానల్లో ఒక్కో అంకె. ఊరి పక్క ఫ్యాక్టరీ వల్లే అని కొందరు, కాలవ వల్ల అని కొందరు. ఆ ఊరి ఆడపిల్లలకి సంబంధాలు వస్తాయా అని అప్పుడే మా బజార్లో దిగులు.

ఆ గోలలో ఎవరూ అడగని ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. అన్నీ ఒకే రకం క్యాన్సర్లా? ఒకే విషం ఊరంతటినీ పట్టిందంటే మామూలుగా ఒకటి రెండు రకాలే పోగుపడతాయి. రొమ్ము, గర్భాశయ ముఖద్వారం, నోరు, పెద్దపేగు, రక్తం అన్నీ కలిపి పెద్ద అంకె అయితే దాని అర్థం వేరు. రోగుల వయసెంత? ఎన్నేళ్లలో వచ్చిన కేసులు? పక్క ఊరి సంగతేంటి? ఆ చివరి ప్రశ్నకే జవాబుండదు. పక్క ఊరు ఎవరూ లెక్కపెట్టరు కాబట్టి.

దేశంలో క్యాన్సరు నమోదు కార్యక్రమాన్ని భారత వైద్య పరిశోధన మండలి 1981లో మొదలుపెట్టింది. 2020లో విడుదలైన దాని నివేదికలో జనాభా ఆధారంగా లెక్కించే కేంద్రాలు 28. వాటిలో హైదరాబాద్ ఉంది. విభజన తరవాతి ఆంధ్రప్రదేశ్ నుంచి ఒక్కటీ లేదు. శ్రీకాకుళం నుంచి చిత్తూరు దాకా ఒక్క జిల్లా లేదు. బలభద్రపురంలో ఎక్కువో తక్కువో చెప్పడానికి పక్కన పెట్టి చూసే అంకె లేకపోవడమే ఈ వార్తలో అసలు వార్త. నేను చదివిన ఏ పత్రికా ఆ మాట రాయలేదు.

ఏప్రిల్ 17

మండుటెండ. చెరువుల కాపలాకి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబం గట్టు మీద తాటాకు పాకలో ఉంటోంది. వాళ్ల ముసలమ్మ వాకిట్లో కూర్చుని చుట్ట తాగుతోంది, నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని. చిన్నప్పుడు ఎప్పుడో చూశాను, మళ్లీ ఇన్నాళ్లకి.

"కాలదా అమ్మా?"

"ఎందుకు కాల్తాది? బయటుంటే గాలికి ఆరిపోద్ది. సంకలో పిల్లున్నప్పుడు రవ్వ పడదు. మా అమ్మా ఇలాగే తాగీది."

అడ్డపొగ. ఈ అలవాటు ఉత్తరాంధ్ర తీరంలో ఆడవాళ్లదే ఎక్కువ. విశాఖపట్నం డాక్టర్లు అంగిట్లో వచ్చే క్యాన్సరు తమ ఆస్పత్రిలో ఇంత ఎక్కువ ఎందుకుందని వెతుక్కుంటూ ఈ అలవాటు దగ్గరకే వచ్చారు. లోకంలో మిగతాచోట్ల గట్టి అంగిలికి క్యాన్సరు అరుదు. బొంబాయి టాటా పరిశోధన సంస్థ వాళ్లు, డెన్మార్క్ నుంచి వచ్చిన పిండ్‌బోర్గ్ కలిసి శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో 10,169 మంది నోళ్లు తెరిపించి చూశారు. 1971లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. చూసినవాళ్లలో నూటికి నలభైకి పైగా అడ్డపొగ తాగేవాళ్లే. అంగిట్లో తెల్ల మచ్చలు, ఎర్ర చుక్కలు, పుళ్లు. పొగాకుకి నిప్పు వేడి తోడైతే ఏం జరుగుతుందో లోకానికి తెలిసింది మన తెలుగు పల్లె ఆడవాళ్ల నోళ్ల నుంచి. కశ్మీర్‌లో చలికి ఫిరన్ లోపల కాంగ్రీ కుంపటి పెట్టుకునేవాళ్లకి పొట్ట మీద, తొడల మీద వచ్చే క్యాన్సరు కూడా ఇలాంటిదే, వేడిది.

ఆ కథలో నాకు ఇష్టమైన భాగం తరవాతిది. ఆ పరిశోధకులు చూసి, రాసుకుని వెళ్లిపోలేదు. శ్రీకాకుళం, కేరళలోని ఎర్నాకుళం, గుజరాత్‌లోని భావనగర్ ప్రాంతాల్లో 36 వేల మంది పొగాకు వాడేవాళ్లని ఎంచుకుని ఏటా ఇంటికి వెళ్లి నోరు చూశారు, మానమని కూర్చోబెట్టి చెప్పారు, బొమ్మలు చూపించారు. మానినవాళ్లు పెరిగారు, నోట్లో తెల్ల మచ్చలు తగ్గాయి. 1986లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. యంత్రాలు లేవు, ఖరీదైన మందులు లేవు. మనిషి వెళ్లి మనిషితో మాట్లాడడమే.

ముసలమ్మ నోరు నేను చూడలేదు, నాకా చదువు లేదు. ఏఎన్ఎంకి ఫోన్ చేసి చెప్పాను. వస్తానంది.

మే 12

చేపలు ప్యాకింగ్ చేసే షెడ్డు దగ్గర లారీ ఎక్కించే కుర్రాళ్లందరి దవడా ఉబ్బే ఉంటుంది. ఖైనీ, గుట్కా. రాత్రంతా ఐసుతో పని, నిద్ర ఆగడానికి అంటారు. గుట్కా మీద నిషేధం ఉంది. దాన్ని దాటడానికి పాన్ మసాలా ఒక ప్యాకెట్టు, పొగాకు ఇంకో ప్యాకెట్టు, రెండూ పక్కపక్కనే దండలుగా వేలాడతాయి. ఒళ్లు మండుతుంది ఆ దండలు చూస్తే.

2022 అంచనాల్లో మన దేశంలో నోటి క్యాన్సరు కొత్త కేసులు లక్షా 43 వేలు దాటాయి. వక్క దానంతటదే, పొగాకు లేకపోయినా, క్యాన్సరు తెస్తుందని ఇరవై ఏళ్ల కిందటే తేలింది. ఇక్కడ కారణం వెతకాల్సిన పని లేదు, అది కొట్టు ముందు వేలాడుతోంది. నీళ్ల గురించి పంచాయతీలో కేకలు వేసే పెద్దమనిషే నోట్లో జర్దా కిళ్లీ పెట్టుకుని మాట్లాడతాడు. మంచి మనిషి. అందుకే బాధ.

జూన్ 4

మా ఇంట్లో పని చేసే అమ్మాయికి ముప్పై నాలుగు. తెల్లబట్ట అవుతోందని, నడుం నొప్పని ఒక ఆస్పత్రికి వెళ్తే "గర్భసంచి తీయించేసుకో, లేకపోతే క్యాన్సరు అవుతుంది" అన్నారట. ముక్క పరీక్ష లేదు, ఇంకే పరీక్షా లేదు. స్కానింగ్ కాగితం ఒకటి చేతిలో పెట్టారు. వాళ్ల అక్కకీ, తోటికోడలికీ ముందే తీసేశారట. "అందరూ తీయించుకుంటున్నారు కదండీ పెద్దమ్మగారూ" అంది, పుస్తెలతాడు తాకట్టు పెడదామని చూస్తోంది.

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీసేసినవాళ్లు దేశం మొత్తం మీద నూటికి 3.2. ఆంధ్రప్రదేశ్‌లో 8.9. దేశంలో అందరికంటే మనమే ముందు. తరవాతి స్థానం తెలంగాణది. క్యాన్సరు పేరు చెప్పి భయపెట్టడం ఈ అంకె వెనక ఉన్న కారణాల్లో ఒకటని ఈ ఊళ్లో ఏ నలుగురు ఆడవాళ్లని కూర్చోబెట్టి అడిగినా చెబుతారు. పాతికేళ్లకి, ముప్పై ఏళ్లకి అండాశయాలతో సహా తీసేస్తే ముట్లుడిగిన కష్టాలన్నీ అప్పుడే మొదలు. ఎముకలు గుల్లబారతాయి, గుండెకు చేటు. పొలంలో వంగి ఊడ్చే మనిషి నడుం పోతే ఇల్లు గడవదు.

అదే చేత్తో చూడండి, అసలు పరీక్ష చేయించుకున్నవాళ్లు ఎందరో. 2019-21 సర్వేలో 30 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భాశయ ముఖద్వారం పరీక్ష ఒక్కసారైనా జరిగినవాళ్లు దేశంలో నూటికి 1.9. రొమ్ము పరీక్ష 0.9. నోరు చూపించుకున్నవాళ్లు 0.9. భయం నిండా ఉంది, పరీక్ష లేదు. కోతకి ఒప్పుకున్నవాళ్లు పరీక్షకి ఒప్పుకోకపోవడం కాదిది. పరీక్ష చేస్తామని వాళ్లని అడిగినవాళ్లు లేరు.

ఆ అమ్మాయిని గుడివాడ ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లాను. ఇన్‌ఫెక్షన్ అన్నారు, మాత్రలిచ్చారు. తగ్గింది.

జూన్ 23

బడులు తెరిచారు. మా బడి స్టాఫ్ రూములో, గర్భాశయ ముఖద్వారం క్యాన్సరు తెచ్చే వైరస్‌ని ఆపే హెచ్‌పీవీ టీకా మాట వచ్చింది. ఇప్పటి టీచరమ్మలు చాలామంది వద్దనే అన్నారు. "ఖమ్మంలో పిల్లలు చనిపోయారంట కదా టీచర్‌గారూ?"

ఆ భయం గాల్లోంచి పుట్టలేదు, దాన్ని తీసిపారేయకూడదు. 2009 జులైలో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో పాత్ అనే అమెరికా సంస్థ, వైద్య పరిశోధన మండలి కలిసి పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు ఈ టీకా వేయించాయి. సుమారు 14 వేల మంది, ఎక్కువమంది గిరిజన పిల్లలు, హాస్టళ్లలో ఉండేవాళ్లు. తల్లిదండ్రుల సంతకం ఉండాల్సిన చోట హాస్టల్ వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకం పెట్టారు. కొందరు పిల్లలు చనిపోయారు. 2010 ఏప్రిల్లో ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణలో తేలింది. కాని అనుమతి తీసుకున్న తీరు తప్పని, పిల్లల హక్కులు పట్టించుకోలేదని 2013లో పార్లమెంటు సంఘం గట్టిగా తప్పుపట్టింది. రెండూ నిజాలే. టీకా మంచిది, వేసిన పద్ధతి చెడ్డది. ఆ పద్ధతి వల్ల మంచి టీకా పదిహేనేళ్లు వెనక్కి పోయింది, ఆ మధ్యలో పెరిగిన పిల్లలకు దక్కలేదు.

మన దేశంలో ఏడాదికి లక్షా 27 వేల మందికి గర్భాశయ ముఖద్వారం క్యాన్సరు వస్తోంది, 80 వేల మంది దాకా పోతున్నారు. ఎక్కువమంది మన ఊళ్ల లాంటి ఊళ్లవాళ్లు. వైరస్ ఒక్కటే చాలదు. చిన్నతనపు పెళ్లి, వెంటవెంట కాన్పులు, తిండి, శుభ్రత దానికి తోడవుతాయి. 2019-20లో మన రాష్ట్రంలో ఇరవైల మొదట్లో ఉన్న ఆడపిల్లల్లో నూటికి 29 మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. పదో తరగతిలో బాగా చదివిన పిల్ల ఇంటర్ మధ్యలో పెళ్లి కార్డు పట్టుకుని వచ్చినప్పుడు నేను ఇదంతా ఆలోచిస్తాను. అక్షింతలు వేసి వస్తాను. మనసు ఒప్పదు.

జులై 14

చేపల సంగతి రాయాలి. ఈ మండలం తిండి అది.

2018 జులైలో మన చేపల్లో ఫార్మాలిన్ ఉందని అస్సాం ప్రభుత్వం పది రోజులు మన చేపల్ని ఆపేసింది. ఐసు లారీలు నిలిచిపోయి ఇక్కడి రైతు గిలగిల్లాడాడు. ఫార్మాలిన్ నిజంగా చెడ్డదే. కాని దాని ఆవిరి ఏళ్ల తరబడి పీల్చినవాళ్లకే, ముక్కు వెనక భాగానికీ రక్తానికీ క్యాన్సరు వస్తుందన్నది గట్టిగా రుజువైన విషయం. అంటే తినేవాడి కంటే ముందు, దాన్ని కలిపేవాడి ఊపిరి చూడాలి. చెరువుల్లో వాడకూడదని నిషేధించిన యాంటీబయాటిక్ మందులకూ అంతే. యూరప్ వాళ్లు రొయ్యల్ని వెనక్కి పంపినప్పుడు మనం ధర గురించి ఏడుస్తాం. చెరువులో దిగి ఆ మందు చల్లినవాడి గురించి ఒక్కరూ అడగరు.

బందరు నుంచి ఎండుచేపలు తెచ్చే ఆమె నన్ను అడిగింది, "ఉప్పుచేప తింటే వస్తదంట నిజమేనా అమ్మా?" చైనా పద్ధతిలో ఊరవేసిన ఉప్పుచేపని క్యాన్సరు తెచ్చేవాటి జాబితాలో పెట్టారు. దక్షిణ చైనాలో పసితనం నుంచీ తినిపించే చేప అది, సగం మురగనిచ్చి చేస్తారు. మన ఎండు సావిడాయలకీ దానికీ తయారీ వేరు. తన వ్యాపారం పోతుందని భయపడుతోందామె. ఆ తేడా విడమర్చి చెప్పాను. ఉప్పు తగ్గించుకుంటే రక్తపోటుకి మంచిదని కూడా చెప్పాను.

ఆగస్టు 24

దేశంలోని 43 నమోదు కేంద్రాల లెక్కలు కలిపి అమెరికా పత్రికలో వచ్చిన వ్యాసం గురించి పేపర్లో చదివాను. 2015 నుంచి 2019 దాకా లెక్క. పుట్టిన నూరు మందిలో పదకొండు మందికి జీవితకాలంలో ఎప్పుడో ఒకప్పుడు క్యాన్సరు వచ్చే అవకాశం. కేసుల్లో ఆడవాళ్లు 51.1 శాతం, చావుల్లో 45 శాతం. ఆడవాళ్లకి వచ్చే రొమ్ము, ముఖద్వారపు క్యాన్సర్లు ముందే చూస్తే దొరికేవి, మగవాళ్లకి వచ్చే నోరు, ఊపిరితిత్తులు చూసేసరికి ముదిరేవి.

ఇంకో తేడా నన్ను పట్టుకుంది. రొమ్ము క్యాన్సరులో దేశంలో హైదరాబాద్‌ది ముందు వరస. ఈశాన్యంలో మిజోరాం రాజధాని ఐజ్వాల్‌లో మగవాళ్ల రేటు అన్నిటికంటే పైన. మహారాష్ట్రలోని బార్షీ పల్లెల్లో చాలా తక్కువ. ఒకే దేశం, ఒకే ఏడు, ఇన్ని రకాలు. మా ముదినేపల్లి పల్లెటూరే గాని పిల్లలు హైదరాబాద్‌లో, అమెరికాలో ఉంటారు, కోడలు ముప్పై దాటాక మొదటి బిడ్డని కంటుంది, అత్తగారు పద్దెనిమిదికే ముగ్గుర్ని కంది. పల్లె పాత క్యాన్సరూ పట్నం కొత్త క్యాన్సరూ ఒకే ఇంట్లో ఉండే అవకాశం ఉన్న ప్రాంతం మాది. పట్నం నమూనా మాకు సరిపోదు, బార్షీ నమూనా సరిపోదు.

సెప్టెంబరు 9

పామర్రు వెళ్తూ కొమరవోలు దాటాం. ఎన్టీఆర్ భార్య బసవతారకం గారి ఊరు. ఆమె క్యాన్సరుతో పోయారు, ఆమె పేరున హైదరాబాద్‌లో 2000లో ఆస్పత్రి లేచింది. ఇటు భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో నడిపిన ప్రయోగశాల నుంచి వచ్చిన అమినాప్టెరిన్‌తోనే 1948లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సరున్న పిల్లల్ని కొన్నాళ్లు తేరుకునేలా చేశాడు. ఆ ఏడాదే సుబ్బారావు పోయాడు. కీమో మందుల చరిత్రలో మొదటి పేజీల్లో మన పక్క ఊరి మనిషి ఉన్నాడు. మంటాడలో పుట్టిన నోరి దత్తాత్రేయుడు న్యూయార్క్‌లో రేడియేషన్ వైద్యంలో పేరు తెచ్చుకున్నాడు. ఈ నేల వైద్యుల్ని ఇచ్చింది, ఆస్పత్రికి పేరిచ్చింది. రోగుల లెక్క మాత్రం ఇవ్వలేదు.

అక్టోబరు 14

ఏఎన్ఎం, ఆశా కార్యకర్త మా వీధికి వచ్చారు. నిరుడు నవంబరులో మొదలైన ఇంటింటి క్యాన్సరు సర్వేకి కొనసాగింపు. నోరు, రొమ్ము, ముఖద్వారం, మూడింటికీ. ట్యాబ్‌లో ప్రశ్నలు. మా పక్కింటామె తలుపు తీయలేదు. ఎదురింటి పిన్నిగారు "మాకేం లేవమ్మా, నువ్వెళ్లు" అంది. ఆ ఆశా అమ్మాయి వయసు పాతికుంటుంది. ఏం చేయను టీచరుగారూ అన్నట్టు నా వంక చూసింది.

వాళ్లకి బార్షీ కథ చెప్పాను. షోలాపూర్ జిల్లా. 1987లో దేశంలో మొదటి పల్లె నమోదు కేంద్రం అక్కడ పెట్టారు. ఆస్పత్రిలో కూర్చుంటే పల్లెటూరి రోగి రాడని వాళ్లకి తెలుసు. అందుకని నమోదు చేసే మనిషే ఊరూరా తిరిగాడు. సర్పంచిని, మంత్రసానిని, బడిపంతుల్ని కలిశాడు. లెక్క రాసుకుంటూనే లక్షణాలు చెప్పాడు, అనుమానమున్నవాళ్లని ఆస్పత్రికి పంపాడు. కొన్నేళ్లకి ముఖద్వారపు క్యాన్సరుతో వచ్చేవాళ్లు మొదటి దశల్లోనే రావడం పెరిగింది. లెక్క పెట్టడమే వైద్యంగా పనిచేసింది. ఆ పక్కనే ఉస్మానాబాద్ జిల్లాలో లక్షా 31 వేల మంది ఆడవాళ్ల మీద జరిగిన పరీక్షలో ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష చేసినా ముఖద్వారపు క్యాన్సరు చావులు సుమారు సగానికి తగ్గాయని 2009లో తేలింది. ఒక్కసారి.

ఆ పల్లెలు మనకంటే ధనికమైనవి కావు, కరువు నేల. మనకి కాలవలున్నాయి, రోడ్లున్నాయి, ఏలూరులో ఒకటి, బందరులో ఒకటి కొత్త ప్రభుత్వ వైద్య కళాశాలలు 2023 నుంచి నడుస్తున్నాయి. ముదినేపల్లి, మండవల్లి, కలిదిండి, కైకలూరు నాలుగు మండలాలకు కలిపి ఒక్క నమోదు కేంద్రం పెట్టమనడం గొంతెమ్మ కోరిక కాదు. ఇద్దరు ముగ్గురు మనుషులు, ఒక బండి, రాసిపెట్టే క్రమశిక్షణ. వరుసగా ఐదేళ్లు. నీళ్ల పరీక్షలూ ఆ లెక్క పక్కనే పెట్టి చూడాలి. అప్పుడు చెరువులు దోషులైతే దోషులని రాద్దాం, కాకపోతే కాదని రాద్దాం.

పిన్నిగారి తలుపు నేను కొట్టాను. తీసింది. ఆశా అమ్మాయి పక్కన కూర్చుని ప్రశ్నలన్నీ అడిగింది. నోరు చూస్తే బుగ్గ లోపల తెల్లటి మచ్చ. వక్కపొడి నలభై ఏళ్ల అలవాటు. వైద్యాధికారి దగ్గరకి పంపారు. మొదటి దశ మచ్చ, అలవాటు మానితే పోవచ్చన్నారు.

నవంబరు 26

సింగరాయపాలెం షష్ఠి తీర్థం. గుడివాడ, కైకలూరు, బంటుమిల్లి వైపుల నుంచి జనం. పాలు పోసే వరసలో గంటల తరబడి నిలబడ్డ ఆడవాళ్లని చూస్తూ అనుకున్నాను, ఈ ఓపికలో పది నిమిషాలు పరీక్ష గదికి ఇస్తే చాలునని. తీర్థంలో పొగాకు అంగళ్లు ఎన్ని ఉన్నాయో రంగులరాట్నాల పక్కన. ఒక్క పరీక్ష శిబిరం వేసినా ఎంతమందిని చూడొచ్చు. వచ్చే ఏడు వేయించమని పీహెచ్‌సీ వైద్యాధికారికీ, దేవస్థానం వాళ్లకీ అర్జీ రాసి ఇచ్చాను. సంతకాలు పెట్టినవాళ్లలో మా పిన్నిగారూ ఉంది.

ఈ డెల్టాలో ఉన్నవాళ్లందరికీ నా మాట. నోట్లో పుండు రెండు వారాలకీ మానకపోతే, బుగ్గలో తెల్ల మచ్చో ఎర్ర మచ్చో కనిపిస్తే, రొమ్ములో నొప్పిలేని గడ్డ తగిలితే, ముట్లాగిపోయాక రక్తం కనబడితే, కలయిక తరవాత రక్తం కనబడితే, ఆ వారంలోనే చూపించుకోండి. ముప్పై దాటిన ఆడవాళ్లు ఏ బాధా లేకపోయినా ఒకసారి పరీక్ష చేయించుకోండి, ప్రభుత్వాసుపత్రిలో డబ్బక్కర్లేదు. పరీక్ష లేకుండా గర్భసంచి తీస్తామంటే ఒప్పుకోకండి. మీ ఇంట్లో ఈ జబ్బుతో ఎవరైనా ఉన్నా, పోయినా, ఏ భాగానికి వచ్చిందో, ఏ వయసులో వచ్చిందో, ఆ మనిషి ఏ పని చేసేవారో, ఏ నీళ్లు తాగేవారో అడగడానికి వచ్చిన అమ్మాయికి దాచకుండా చెప్పి రాయించండి.